రెండు రాత్రుల నిర్బంధం: ఏ హక్కుల సంఘం దగ్గరికి వెళ్ళాలి?

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లాలో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా తమ్ముడి కొడుకుకు మండల కేంద్రంలో సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. దొంగ ఫోన్లు కొన్నాడన్న అనుమానంతో పోయిన నెల పోలీసులు వాణ్ణి షాపులోంచి తీసుకెళ్ళి రెండు రాత్రులు స్టేషన్‌లో ఉంచుకున్నారు. అరికాళ్ళ మీద కొట్టారు. మూడో రోజు తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని, కేసేమీ లేదంటూ పంపేశారు. ఆర్‌ఎంపీ దగ్గర మందులు వాడాం. తర్వాత కారు అద్దం మీద ఎర్ర అక్షరాలతో ‘హ్యూమన్ రైట్స్’ అని రాయించుకున్న ఒకాయన వచ్చి, ముప్పై వేలిస్తే సీఐతో మాట్లాడి ఇక మీ జోలికి రాకుండా చూస్తానన్నాడు. ఇంకో పది వేలు కడితే నన్ను మండల అధ్యక్షుణ్ణి చేసి ఐడీ కార్డు ఇప్పిస్తాడట. పాత మిత్రుడొకరేమో పౌరహక్కుల సంఘం వాళ్ళను కలవమంటున్నారు. వాళ్ళు నక్సలైట్ల మనుషులని మా తమ్ముడి భయం. దిశ నిందితుల కోసం కోర్టుకెక్కింది వాళ్ళే కదా అని మా కోడలు అంటోంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా అమ్మాయి ఏదైనా మంచి సంఘానికి విరాళం పంపుతానంటోంది. మేమేం చేయాలి?

సమాధానం: మాస్టారు గారికి నమస్కారం.

ముందుగా ఆ ఎర్ర అక్షరాల కారాయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. జాతీయ మానవ హక్కుల కమిషన్, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ అనేవి 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం కింద ఏర్పడిన చట్టబద్ధ సంస్థలు. వాటికి మండల అధ్యక్షులూ జిల్లా కార్యదర్శులూ ఉండరు, అవి ఎవరికీ కార్డులు అమ్మవు. వాటి పేరును పోలిన పేర్లు పెట్టుకుని జనాన్ని మభ్యపెట్టే సంస్థలున్నాయని జాతీయ కమిషనే హెచ్చరించింది. సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిసి దాదాపు ఏ పేరుతోనైనా ఒక సంఘాన్ని రిజిస్టరు చేసుకోవచ్చు కనుక, కార్డు మీద అచ్చయిన రిజిస్ట్రేషన్ నంబరు ఆ సంఘం రిజిస్టరైందని మాత్రమే చెబుతుంది. ఆ కార్డుతో టోల్‌గేటు కూడా దాటలేరు. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. డబ్బిచ్చి సీఐతో ‘మాట్లాడించుకున్న’ మరుక్షణం, మీ అబ్బాయికి జరిగిన అన్యాయం ఇద్దరి మధ్య రాజీ కుదిరిన వ్యవహారంగా మారిపోతుంది. రేపు ఎస్పీకి గానీ కమిషన్‌కు గానీ ఫిర్యాదు చేసినప్పుడు ఎదుటివాళ్ళు మొదట లేవనెత్తేది ఆ రాజీ మాటే.

నిజంగా పనిచేసే హక్కుల సంఘం రాజీలు కుదర్చదు. ప్రభుత్వం తాను చేసుకున్న చట్టాన్ని తానే పాటించాలని అడగడం, పాటించనిచోట ఆ సంగతిని ఆధారాలతో బయటపెట్టడం దాని పని. మన రాష్ట్రాల్లో ఇలాంటి పని దశాబ్దాలుగా చేస్తున్నవి పౌరహక్కుల సంఘం, మానవ హక్కుల వేదిక. జాతీయ స్థాయిలో పీయూసీఎల్ (పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్). ఈ మూడూ ప్రభుత్వ నిధులూ విదేశీ నిధులూ తీసుకోకుండా సభ్యుల చందాలతోనే నడుస్తాయి. వాటిలో జీతగాళ్ళు కాక అధ్యాపకులు, వకీళ్ళు, గుమాస్తాలు, రిటైరైన ఉద్యోగులు ఉంటారు. అందువల్ల ఒక మేలూ ఉంది, ఒక ఇబ్బందీ ఉంది. మీ దగ్గర ఫీజు అడగరు. కానీ మీరు ఫోన్ చేసిన సాయంత్రమే వాలిపోతారన్న హామీ లేదు, సెలవు రోజు చూసుకుని బస్సులో వస్తారు.

అసలైనవాళ్ళను గుర్తుపట్టడానికి డబ్బు విషయం కంటే మంచి గుర్తు వాళ్ళడిగే ప్రశ్నలు. నిజనిర్ధారణకు వచ్చినవాళ్ళు మీ బాధ విని తల ఊపి వెళ్ళిపోరు. షాపుకు ఎన్ని గంటలకు వచ్చారు, ఎంతమంది, యూనిఫాంలోనా మఫ్టీలోనా, ఏ బండిలో, నంబరు ఎవరైనా చూశారా, పక్క షాపతను ఆ మాట మా ముందు చెబుతాడా, స్టేషన్‌లో ఏ గదిలో ఉంచారు, అన్నం ఎవరు తెచ్చారు, ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారు అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంటారు. తర్వాత అదే నోట్‌బుక్కుతో స్టేషన్‌కు వెళ్ళి ఎస్సైని కూడా అడుగుతారు. ‘మీవాడు దొంగ ఫోన్లు కొన్నాడా, నిజం చెప్పండి’ అని మిమ్మల్నీ అడుగుతారు. ఆ ప్రశ్నకు నొచ్చుకోవద్దు. వాడు కొన్నా సరే, కొట్టడం నేరమేనన్నది వాళ్ళ వాదన. అయితే తాము ప్రకటించబోయే వాస్తవాల్లో ఒక్కటి తప్పని తేలినా మిగతావన్నీ చెల్లకుండా పోతాయని వాళ్ళకు తెలుసు.

ఇక మీ తమ్ముడి భయం సంగతి. అది ఊరికే పుట్టిన భయం కాదు కనుక కొంచెం వివరంగా చెబుతాను. పౌరహక్కుల సంఘం 1970ల తొలి సగంలో పుట్టింది, మహాకవి శ్రీశ్రీ దానికి తొలి అధ్యక్షుడు. ఎమర్జెన్సీ కాలంలో, 1975 జులైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో సూరపనేని జనార్దన్‌తో కలిపి నలుగురు యువకులు ‘ఎన్‌కౌంటర్’లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. ఎమర్జెన్సీ ముగిశాక, 1977లో, జయప్రకాశ్ నారాయణ్ చొరవతో వి.ఎం. తార్కుండే నాయకత్వంలో ఏర్పడిన కమిటీ ఆ ఊళ్ళకు వెళ్ళి విచారించి, అవి ఎదురుకాల్పులు కావు, పట్టుకుని కాల్చి చంపడమేనని తేల్చింది. ఆ కమిటీ వెన్నంటి పనిచేసిన వకీలు కె.జి. కన్నబిరాన్ తర్వాత ఒకటిన్నర దశాబ్దం పాటు పౌరహక్కుల సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నారు. కమిటీ నివేదికల ఒత్తిడితో ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. బహిరంగంగా మొదలైన విచారణను మధ్యలో రహస్య విచారణగా మార్చేసరికి హక్కుల సంఘం వాళ్ళు అందులోంచి తప్పుకున్నారు. ఆ రోజుల్లో పోలీసుల చేతిలో చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది నక్సలైట్లో, వాళ్ళ సానుభూతిపరులన్న ముద్ర పడ్డవాళ్ళో కావడం వల్ల సంఘం పని కూడా ఎక్కువగా అక్కడే సాగింది, దానితో పేరూ అలాగే పడిపోయింది. దానికి వాళ్ళు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. సంఘం ఉపాధ్యక్షుడు, వరంగల్‌లో పిల్లల డాక్టరు రామనాథంను 1985 సెప్టెంబరు 3న, నక్సలైట్ల చేతిలో చనిపోయిన ఒక ఎస్సై అంతిమయాత్రలో వస్తున్నవాళ్ళు క్లినిక్‌లోకి చొరబడి కాల్చి చంపారు. సంఘం కార్యకర్తల్లో 2000 నవంబరులో పురుషోత్తం హైదరాబాద్‌లో, 2001 ఫిబ్రవరిలో ఆజం అలీ మీ నల్లగొండలోనే హత్యకు గురయ్యారు.

అయినా మీ తమ్ముడు అడుగుతున్న ప్రశ్నను ఆ సంఘంలోనివాళ్ళే తమలో తాము గట్టిగా వేసుకున్నారు. రాజ్యహింసను ప్రశ్నించే సంఘం నక్సలైట్లు చేసే హత్యల గురించి ఎందుకు మాట్లాడకూడదన్న చర్చ 1990లలో ఏళ్ళ తరబడి నడిచింది. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన, తర్వాత హైకోర్టు న్యాయవాది అయిన కె. బాలగోపాల్ ఆ చర్చలో ముఖ్యుడు. ఆయనతో పాటు బయటికి వచ్చినవాళ్ళు 1998లో మానవ హక్కుల వేదికను పెట్టారు. హక్కుల ఉల్లంఘన ఎవరు చేసినా మాట్లాడాలన్నది దాని వైఖరి. సోంపేటలో, కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్ల కోసం భూములు పోతాయని నిలబడ్డ రైతులపై 2010, 2011లలో జరిగిన కాల్పుల మీదా, రైతుల ఆత్మహత్యల మీదా, కులహత్యల మీదా వాళ్ళు చేసిన నిజనిర్ధారణలు ఈ చర్చ తెలియనివాళ్ళకు కూడా తెలుసు. కనుక ‘వాళ్ళు నక్సలైట్ల మనుషులు’ అన్న మాట ఇన్నేళ్ళ చరిత్రలో ఒక మూలను చూపించి అంతా అదేనంటుంది. నా అంచనాలో మీ అబ్బాయి కేసుకు రెండు సంఘాల్లో ఏదైనా పనికివస్తుంది. మీ జిల్లాలో ఎవరు చురుగ్గా ఉన్నారో కోర్టులో ఏ వకీలు గుమాస్తానడిగినా చెబుతాడు.

మీ కోడలు చెప్పింది నిజమే. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు, రాష్ట్రమంతా పోలీసుల మీద పూలు చల్లుతున్న వేళ, హక్కుల కార్యకర్తలు హైకోర్టుకు వెళ్ళారు. సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్‌ను వేసింది. ఆ కమిషన్ ఇచ్చిన నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లని, పదిమంది పోలీసులను విచారించాలని అందులో ఉంది. ఆ ఆడపిల్లకు జరిగింది ఘోరమన్న విషయంలో హక్కుల సంఘాలకు భిన్నాభిప్రాయం లేదు. నేరం ఎవరు చేశారో తేల్చాల్సింది కోర్టేనన్నది వాళ్ళ పట్టు. దొంగ ఫోన్ల కేసులో మీవాడు దోషా కాదా అన్నది ఆ రెండు రాత్రుల్లో స్టేషన్ గదిలోనే తేల్చేయాలని చూసిన పద్ధతికీ, చటాన్‌పల్లికీ తీవ్రతలో పోలికే లేదు గానీ, రెంటిలోనూ దాటింది ఒకే గీత. ఆ మాట మీ కోడలికి మీరే నెమ్మదిగా చెప్పండి, ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే.

నిజానికి మీవాడికి ఈ రోజు అండగా ఉన్న నిబంధనల్లో ముఖ్యమైనవి ఇలాంటి సంఘమే రాసిన ఒక ఉత్తరం నుంచి వచ్చాయి. 1986 ఆగస్టు 26న పశ్చిమ బెంగాల్‌లో న్యాయసహాయం చేసే ఒక లాభాపేక్ష లేని సంస్థ అధ్యక్షుడు డి.కె. బసు, లాకప్ మరణాల గురించి పత్రికల్లో వచ్చిన వార్తలను జతచేసి భారత ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. సుప్రీంకోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. పదేళ్ళు నడిచి 1996 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. అరెస్టు చేసే పోలీసు పేరూ హోదా కనపడేలా బ్యాడ్జీ పెట్టుకోవాలని, అరెస్టు చేసిన తేదీ, సమయం రాసిన మెమో మీద కుటుంబసభ్యుడో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం ఉండాలని, ఎక్కడ ఉంచారో సొంతవాళ్ళకు తెలియజేయాలని, కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకొకసారి డాక్టరుతో పరీక్ష చేయించాలని అందులో ఉంది. వీటిలో చాలా భాగం తర్వాత చట్టంలోకే ఎక్కాయి, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉన్నాయి. అరెస్టయిన ఎవరినైనా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది రాజ్యాంగం 22వ అధికరణమే చెబుతుంది, కొత్త చట్టంలో అది 58వ సెక్షన్. మీవాణ్ణి అరెస్టు చేయలేదు, ‘ఊరికే విచారణకు పిలిచాం’ అంటారు. రెండు రాత్రులు ఇంటికి పంపకపోతే దాన్ని విచారణకు పిలవడమని చట్టం ఒప్పుకోదు.

మీవాడి విషయంలో రుజువు సంగతి చూద్దాం. వెనకటి రోజుల్లో ఎవరినైనా పోలీసులు పట్టుకెళ్తే, హక్కుల సంఘం వాళ్ళు కుటుంబం చేత మొదట చేయించే పని ప్రధాన న్యాయమూర్తికీ ఎస్పీకీ పత్రికలకూ టెలిగ్రాం కొట్టించడం. పోస్టాఫీసు ముద్ర మీద ఉన్న తేదీ, సమయం, పోలీసులు కాగితాల్లో చూపించే ‘అరెస్టు’ కంటే ముందువి కావడంతో నిలిచిన కేసులున్నాయి. టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది. ఇప్పుడు ఆ పని ఈమెయిలూ స్పీడ్‌పోస్టూ చేస్తాయి. మీకు ఆ రెండు రోజుల్లో ఎవరికైనా వాట్సాప్‌లో ‘స్టేషన్‌లో పెట్టారు’ అని పంపిన మెసేజ్ ఉంటే అది చెరిపేయకండి. ఇంట్లోవాళ్ళు స్టేషన్‌కు అన్నం తీసుకెళ్ళినప్పటి ఫోన్ కాల్ రికార్డు కూడా పనికివస్తుంది.

ఆర్‌ఎంపీ చీటీకి సాక్ష్యంగా పెద్ద విలువ ఉండదు. నెల దాటినా సరే, మీవాణ్ణి ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో తీసుకెళ్ళి, పోలీసులు కొట్టారని డ్యూటీ డాక్టరుకు స్పష్టంగా చెప్పి ఎంఎల్‌సీగా (మెడికో లీగల్ కేసుగా) నమోదు చేయమని అడగండి. పైన వాపు తగ్గినా మడమ ఎముకకు దెబ్బ తగిలి ఉంటే ఎక్స్‌రేలో కనపడే అవకాశం ఉంది. సీసీ కెమెరాల విషయం ఇంకా ముఖ్యం. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ ప్రవేశద్వారం, లాకప్, వరండాలతో సహా కెమెరాలు ఉండాలని, రికార్డింగ్‌ను 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాదికి తగ్గకుండా దాచాలని ఆదేశించింది. స్టేషన్‌లో బలప్రయోగం జరిగిందన్న ఫిర్యాదు వస్తే మానవ హక్కుల కమిషన్ ఆ ఫుటేజీని తెప్పించుకోవచ్చని కూడా అందులో ఉంది. కాబట్టి ఫలానా తేదీల ఫుటేజీని భద్రపరచాలని కోరుతూ ఎస్పీకి ఈ వారమే స్పీడ్‌పోస్టు చేసి రశీదు దాచుకోండి. కెమెరా పాడైందన్న జవాబు రావచ్చు. ఏ తేదీ నుంచి పాడైందో రాతపూర్వకంగా చెప్పమని అడగండి, అది కూడా ఒక ఆధారమే.

తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నారని అదే ఉత్తరంలో రాయండి. దర్యాప్తులో పోలీసులకిచ్చే వాంగ్మూలం మీద సంతకం చేయించకూడదని చట్టమే అంటోంది, పోలీసుకు ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. అయినా ఆ కాగితం మీద రేపు ‘నన్నెవరూ కొట్టలేదు’ అన్న మాట ప్రత్యక్షమైతే, అంతకుముందే మీరు చెప్పి ఉన్నారన్నది మీకు రక్ష. ఎస్పీ పట్టించుకోకపోతే మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు కంప్లయింటు వేయవచ్చు. నేరం ఒప్పించడానికి గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద శిక్షార్హం. వకీలు ఖర్చు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, 15100కు ఫోన్ చేసినా సరిపోతుంది. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు వంటి కొన్ని వర్గాలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితిని బట్టి అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు. కమిషన్‌కు ఫిర్యాదు తెలుగులోనే రాయవచ్చు, రుసుము లేదు.

సంఘం వాళ్ళను కలిశాక అద్భుతాలు ఆశించకండి. విశాఖ మన్యంలోని వాకపల్లిలో 2007 ఆగస్టులో నక్సలైట్ల కోసం ఏర్పాటైన ప్రత్యేక దళం గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. మానవ హక్కుల వేదిక వాళ్ళకు చివరిదాకా తోడుగా నిలిచింది. కేసు విచారణకు రావడానికే సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది, కానీ దర్యాప్తు సరిగా జరగకపోవడమే కారణమంటూ ఆ మహిళలకు నష్టపరిహారం ఇవ్వాలని చెప్పింది. పదహారేళ్ళ కష్టానికి అది గెలుపో ఓటమో నేను చెప్పలేను. అయితే దర్యాప్తు అధికారులు తమ పని చేయలేదన్న మాట ఒక కోర్టు తీర్పులో నమోదు కావడం, వాళ్ళు వెంట లేకపోతే జరిగేది కాదు. మీ కేసు అంత పెద్దది కాదు గనుక, శాఖాపరమైన విచారణో, కమిషన్ సిఫారసు చేసే పరిహారమో, కనీసం షాపు దగ్గరికి మళ్ళీ రాకుండా ఉండటమో దక్కవచ్చు. కమిషన్ సిఫారసు మాత్రమే చేయగలదన్నది గుర్తుంచుకోండి.

మీ అమ్మాయి విరాళం విషయంలో జాగ్రత్త అవసరం. ఆమె అమెరికా పౌరురాలు కనుక ఆమె పంపే విరాళం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం దృష్టిలో విదేశీ నిధి అవుతుంది. ఆ చట్టం కింద అనుమతి లేని సంఘం దాన్ని తీసుకుంటే సంఘానికే ముప్పు. అంతర్జాతీయంగా పేరున్న మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ కూడా విదేశీ నిధుల వివాదంలో బ్యాంకు ఖాతాలు స్తంభించి 2020 సెప్టెంబరులో ఇండియాలో పని ఆపేసింది. భారత పౌరసత్వం అట్టేపెట్టుకున్న ఎన్నారైలు తమ సొంత సంపాదనలోంచి ఇస్తే ఆ చిక్కు లేదు. ఆమెకు అంత ఆసక్తి ఉంటే తన బంధువుకు కావలసిన వైద్యఖర్చు నేరుగా పెట్టుకోమనండి. సంఘానికి చందా కట్టాలంటే మీ పెన్షన్‌లోంచి మీరు కట్టండి.

చివరగా, ఈ ఉత్తరం మీరు రాశారు, మీవాడు రాయలేదు. రోజూ అదే స్టేషన్ ముందునుంచి షాపుకు వెళ్ళాల్సింది వాడు. సంఘం వాళ్ళు పత్రికాప్రకటన ఇస్తే వాడి పేరు బయటికి వస్తుంది. పేరు లేకుండా ఇవ్వమని ముందే అడగవచ్చు, ఒప్పుకుంటారు కూడా, కానీ మండల కేంద్రంలో ఎవరన్నది తెలియకుండా ఉండదు. అందుకని వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చదివి వినిపించి, ఎంతవరకు వెళ్ళాలో వాడినే నిర్ణయించుకోనివ్వండి. ఆసుపత్రి రికార్డూ ఫుటేజీ భద్రపరచమన్న ఉత్తరమూ మాత్రం ఆ నిర్ణయం కోసం ఆగకూడదు. ఫిర్యాదు చేసేదీ లేనిదీ ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంది, ఘటన జరిగిన ఏడాదిలోగా కమిషన్‌కు చేరితే చాలు.